ఆరేళ్ల అభ్యాసం

జూన్ 12

అత్తయ్యా,

ఇక్కడ నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమమేనని అడగకుండానే తెలుసు. నీకు జలుబు చేయగా కూడా ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ముందు మంచి వార్త. కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. యోగదర్శనం పాఠాలన్నీ నావే. మేడ మీద ఒక గది దొరికింది. కిటికీ కింద సైకిళ్లు బాగుచేసే కొట్టు. ఇంటావిడ కింది వాటాలో ఉంటారు. పెట్టెలు పైకి ఎక్కిస్తుంటే చూసి, "ఒక్కదానివి, ఇన్ని గిన్నెలెందుకమ్మా?" అన్నారు. గిన్నెలు కావండీ, పుస్తకాలు అన్నాను. అప్పటినుంచి ఆవిడ నా పెళ్లి మాట ఎత్తడం మానేశారు.

ఇక చెడ్డ వార్త. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ గారు, "యోగంలో మీకు ఎన్నేళ్ల అభ్యాసం?" అని అడిగారు. "ఆరేళ్లండి" అన్నాను. నా పరిశోధనకు పట్టింది ఆరేళ్లే కదా. అభ్యాసమంటే నాకు తెలిసింది చదువే. మా పుస్తకాల్లో ప్రతి పాఠం చివరా "అభ్యాసం" అని ఉండేది. దాని కింద ప్రశ్నలుండేవి. జవాబులు రాసేవాళ్లం. ఎవరూ తలకిందులుగా నిలబడలేదు.

"రోజూ చేస్తారా?" అన్నారు. "ఆదివారాలు కూడా అండి" అన్నాను. "ఉదయమా, సాయంత్రమా?" అన్నారు. "కరెంటు ఉన్నప్పుడండి" అన్నాను. బల్లకు అటువైపు ఉన్న ముగ్గురూ నవ్వారు. నేను చమత్కారంగా మాట్లాడాననుకున్నారు. కాన్వెంటులో సిస్టర్లు నాకు ఒక్కటి బాగా నేర్పారు, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పడం. ఆ చదువే ముంచింది.

చేరిన రోజు ఆయన మళ్లీ పిలిచారు. "వచ్చే నెలలో కొత్త హాలు ప్రారంభం. వేదిక మీద ఆసనాలు మీరే వేయాలి" అన్నారు. కుర్చీలనుకున్నాను. "తప్పకుండా అండి, ఎన్ని వేయమంటారు?" అన్నాను. "మీకెన్ని వస్తే అన్ని" అన్నారు. బయటికొచ్చాక, స్టోరు గుమాస్తాను కుర్చీలు అడుగుతుంటే అతను నావైపు జాలిగా చూసి చెప్పాడు, ఆసనాలంటే ఏ ఆసనాలో.

నేను నేల మీద కూర్చుంటే లేవడానికి గోడ కావాలని నీకు తెలుసు. హాలు ప్రారంభమయ్యాకే నా ఉద్యోగం ఖాయం చేస్తారట. లేకపోతే పెట్టెలు మళ్లీ దించాలి. అందుకని ఒక చిన్న సాయం. ఇన్నేళ్లుగా యోగా క్లాసు నడుపుతున్నదానివి కదా. నాకు నడుం నొప్పి ఉందనీ, ఆసనాలు వేయకూడదనీ ఒక సర్టిఫికెట్ రాసి పంపు.

ఫోను చేయకు. ఫోనులో నాకు మాట పెగలదు, నీకు మాట ఆగదు.

నీ మేనకోడలు


జూన్ 18

పుస్తకాలు తినే చెదపురుగుకి అత్తయ్య రాయునది,

నీ ఉత్తరం క్లాసులో పైకి చదివి వినిపించా. తప్పా? అందరూ పడీపడీ నవ్వారు. రిటైరైన కండక్టరు గారైతే నవ్వి నవ్వి ఆసనంలోంచి దొర్లిపోయి డాక్టరమ్మ మీద పడ్డాడు. "కరెంటు ఉన్నప్పుడండి" అన్న మాట ఇప్పుడు మా దగ్గర ఊతపదమైంది. ఎవరైనా వంగలేకపోతే, కరెంటు లేదండీ అంటున్నారు.

సర్టిఫికెట్టా? నీ నడుముకేం రోగమే? గుండ్రాయిలా ఉంది. అబద్ధం రాయొచ్చని నీ పుస్తకాల్లో ఎక్కడుందో పేజీ నంబరు పంపు, అప్పుడు రాస్తా.

ఎన్నిసార్లు చెప్పా నీకు? చేయకుండా తెలిసేది కాదే ఇది అని. నువ్వేమన్నావు? "జ్వరం గురించి తెలియాలంటే డాక్టరుకి జ్వరం రావాలా అత్తయ్యా" అన్నావు. అప్పుడు నాకు జవాబు తట్టలేదు. ఇప్పుడు తట్టింది. ఏ డాక్టరూ జ్వరాన్ని వేదిక మీద వేసి చూపించక్కర్లేదు. నువ్వు చూపించాలి. అదీ తేడా.

నీ పరిశోధన పుస్తకం పంపావు కదా. చదువుతూ నిద్రపోయా. అంత గాఢమైన నిద్ర నాకు శవాసనంలో కూడా పట్టలేదు. ఆ మేలు మర్చిపోను.

సరే, ఏడవకు. ఉత్తరాల్లోనే నేర్పిస్తా. మా క్లాసు కింద ఉన్న అచ్చు ప్రెస్సులో మిషను దడదడలాడుతోంది, అక్షరాలు వంకరగా ఉంటాయి, సర్దుకో. మొదటి పాఠం. తలకిందులు ఇప్పుడే వద్దు, మెడ విరుగుతుంది. గోడ పక్కన వెల్లకిలా పడుకో. నడుం గోడకి ఆనించు. కాళ్లు రెండూ నిటారుగా గోడ మీదికి ఎత్తు. చేతులు పక్కకి. కళ్లు మూసుకో. ఊపిరి దానంతటది వస్తుంది, పోతుంది, నువ్వు వేలు పెట్టకు. ఒక్కసారిగా మాత్రం లేవకు, తల తిరుగుతుంది, ప్రమాదం. దిగడానికి ఒక పద్ధతుంది.

కాగితం అయిపోయింది. ఆ పద్ధతి రేపు రాస్తా.

అత్తయ్య


జూన్ 25

అత్తయ్యా,

ఆ "రేపు" ఇంకా రాలేదు.

నీ పాఠం అక్షరం తప్పకుండా చేశాను. పడుకున్నాక కూడా చదవాలి కాబట్టి కాగితాన్ని తలకు దగ్గరగా గోడకు అంటించాను. కాళ్లెత్తాను. కళ్లు మూసుకోమన్నావు. మూసుకుంటే చదవలేను. అందుకని ఒక కన్ను మూశాను. చివరి వాక్యం దాకా బాగానే ఉంది. ఒక్కసారిగా లేవకు, ప్రమాదం. దిగడానికి ఒక పద్ధతుంది. ఆ తర్వాత కాగితం అంచు.

పద్ధతి ఏమిటో తెలియదు. పద్ధతి లేకుండా దిగితే ప్రమాదమని స్పష్టంగా రాసి ఉంది. అలాగే ఉండిపోయాను. పాదాలు తిమ్మిరెక్కి నావి కాకుండా పోయాయి. ఇంటావిడ నీళ్లు వస్తున్నాయని చెప్పడానికి వచ్చి, తలుపు తోసి, గోడ మీద నా కాళ్లు చూసి నిలబడిపోయారు.

"ఎవరమ్మా వాడు?" అన్నారు.

"ఎవరండీ?"

"ఇంత పని చేయించినవాడు."

"మా అత్తయ్యండి."

ఆవిడకు ఏమర్థమైందో తెలియదు. నన్ను పట్టి లేపి, నీళ్లు తాగించి, "ఏ సంబంధమైనా సరే, అత్తను ముందు చూసుకోవాలమ్మా" అని చెప్పి వెళ్లారు. నాకు పెళ్లయిందనీ, నువ్వు నన్ను ఇంట్లోంచి తరిమేశావనీ ఇప్పుడు సైకిలు కొట్టులో కూడా చెప్పుకుంటున్నారు.

నీ జవాబు గురించి ఆలోచించాను. చూపించగలగడం వేరు, అర్థం కావడం వేరు. కండక్టరు గారు అంత వంగుతారు కదా. మనసు ఎందుకు నిలవదో, నిలిస్తే ఏమవుతుందో ఆయన్ని అడిగి చూడు. బస్సు ఆపినట్టు "హోల్డాన్" అంటారు. ఈ విషయంలో నేను తగ్గను.

కానీ సర్టిఫికెట్ మాట మాత్రం తప్పే. యోగంలో మొదటి మెట్టయిన యమాల్లో సత్యం రెండోదని పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో. రాసిన చేత్తోనే నిన్ను అబద్ధం అడిగాను. సోమవారం ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పేస్తాను. ఉద్యోగం ఉంటే ఉంటుంది. నువ్వు ఎవరికీ ఏమీ రాయకు.

నీ మేనకోడలు


జూన్ 25

చెదపురుగా,

దిగే పద్ధతి రాయడం మర్చిపోయా. మోకాళ్లు మడిచి, పక్కకి తిరిగి, లేవడమే. దీనికి ఉత్తరమెందుకులే అని బద్ధకించా. నువ్వేమైనా అలాగే ఉండిపోతావా ఏంటి?

అసలు సంగతి వేరు. నీ మీద కోప్పడ్డానే గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. తండ్రి పోయిన పిల్ల, తనకు తానుగా తెచ్చుకున్న ఉద్యోగం, నేను నవ్వి ఊరుకుంటే ఎలా? అబద్ధం రాయలేను. నిజం రాయడానికేం? రాసి మీ ప్రిన్సిపాల్‌కే నేరుగా పంపా. నువ్వు చదవడం తప్ప ఏమీ చేయలేవని ఆయనకి తెలిస్తే వేదిక ఎక్కించడు, గొడవ వదిలిపోతుంది. ఇదిగో ఆ మాటలే:

"అయ్యా, ఈ అమ్మాయి నా మేనకోడలు. చిన్నప్పటినుంచి నా కళ్లముందే పెరిగింది. ఒకచోట కూర్చుందంటే కదలదు. పిలిస్తే పలకదు. ముందున్న అన్నం చల్లారిపోయినా పట్టదు. పక్కింటికి నిప్పంటుకుని వీధంతా పరిగెత్తిన రోజున కూడా ఇది తలెత్తి చూడలేదు. తిట్టినా, పొగిడినా ఒకటే మొహం. ఆసనాలు వేయగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఇదంతా నిజమని సంతకం చేస్తున్నాను. యోగా టీచరు."

పోస్టులో వేశాక గుర్తొచ్చింది, చేతిలో పుస్తకం పట్టుకుని అన్న మాట రాయలేదని. అయినా చదువుకున్నాయన కదా, అర్థం చేసుకుంటాడులే.

అత్తయ్య


జూలై 2

అత్తయ్యా,

చదువుకున్నాయన అర్థం చేసుకున్నారు.

సోమవారం వెళ్లాను. నేను వరండాలో మూడుసార్లు వల్లించుకున్న వాక్యం చెప్పేలోపే ఆయన లేచి నిలబడ్డారు. నా కోసం ప్రిన్సిపాల్ లేచి నిలబడడం నాకు నచ్చలేదు. బల్ల మీద నీ ఉత్తరం ఉంది. కొన్ని మాటల కింద ఎర్ర గీతలున్నాయి.

"సార్, నాకు ఆసనాలు రావండి" అన్నాను.

ఆయన చిరునవ్వు నవ్వారు. "నిజంగా తెలిసినవాళ్లెవరూ వచ్చని చెప్పరమ్మా."

"కాదండి, నేనెప్పుడూ వేయలేదు."

"మీ గురువుగారూ అదే రాశారు. వేయగా నేనెప్పుడూ చూడలేదు అని. గురువు కంట కూడా పడకుండా సాధన చేశారన్నమాట!"

"ఆవిడ మా అత్తయ్యండి."

"గురువే అత్తయ్య కావడం మీ అదృష్టం."

నా నోటి మాట ఆయన చెవికి చేరేసరికి ఎలా మారిపోతోందో నాకు తెలియలేదు. పక్కింటి మంటల గురించి రెండుసార్లు చదివి వినిపించారు. ఆ రోజు నేను చదువుతున్నది అపరాధ పరిశోధన నవల. హంతకుడు దొరకడానికి ఇంకా నాలుగు పేజీలున్నాయి. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాను. ఆయన చేతులు జోడించారు.

చివరికి తేల్చింది ఇది. మామూలు ఆసనాలు నా స్థాయికి తగవట. వ్యాయామం సారు పిల్లలచేత వేయిస్తారు. కాలేజీ చైర్మన్ గారు నిశ్చలత్వం గురించి ఉపన్యసిస్తారు. ఆయన మాట్లాడినంతసేపు నేను పక్కనే పీట మీద, కళ్లు తెరుచుకుని, కదలకుండా కూర్చోవాలి. సభ మొత్తం నన్ను చూస్తుంది. కరపత్రం అచ్చయింది. అందులో నా పేరు పక్కన "మౌన యోగిని" అని ఉంది.

అత్తయ్యా, నలుగురి ముందు మంచినీళ్లు తాగాలన్నా నేను గోడవైపు తిరుగుతాను. ఇంతకన్నా తలకిందులే నయం. అప్పుడు కనీసం మొహం కనబడదు.

ఏం చేయాలో రాయి. ఈసారి చివరి వాక్యం దాకా రాయి.

నీ మేనకోడలు


జూలై 8

మౌన యోగిని గారికి దండాలు,

నీ ఉత్తరం చదివి నవ్వడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. కండక్టరు గారు నీ దర్శనానికి టిక్కెట్టు పెడదామంటున్నాడు.

నాదే తప్పు, ఒప్పుకున్నా. కానీ ఒక సంగతి చూశావా? నేను ఒక్క అక్షరం అబద్ధం రాయలేదు, నువ్వు ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు. ఇద్దరం కలిసి మహా యోగినిని పుట్టించాం.

ఇంతకీ భయమెందుకే? కూర్చోమన్నాడు, అంతేగా. చక్రాసనం వేయమన్నాడా? కూర్చోవడం కూడా ఒక ఆసనమేనా? మా క్లాసులో దాన్ని లెక్కలోకే తీసుకోం. చంటిపిల్లలు కూర్చుంటారు. వెన్ను నిటారుగా పెట్టు, చేతులు ఒళ్లో పెట్టుకో, ఎదురుగా ఏదో ఒక గోడని చూడు. అయిపోతుంది. కాళ్లు తిమ్మిరెక్కితే బొటనవేళ్లు మెల్లగా ఆడించు, ఎవడికీ తెలీదు.

అది కూడా వద్దనిపిస్తే ఒక పని చెయ్. మైకు దగ్గరికి వెళ్లి, నేను చదివానంతే, చేయలేదు అని చెప్పేయ్. ఉద్యోగం పోతే నా దగ్గరికి రా. చాపలు మడత పెట్టడానికి నాకో మనిషి కావాలి. పరిహాసం కాదు. నీకు ఇక్కడ ఎప్పుడూ చోటుంది.

ఈసారి కాగితం మిగిలింది. చివరి వాక్యం ఇదే.

అత్తయ్య


జూలై 20

అత్తయ్యా,

హాలు ప్రారంభమైంది. కుదురుగా రాయాలని రెండు రోజులు ఆగాను.

పీట మీద కూర్చున్నాను. చైర్మన్ గారు నిశ్చలత్వం గురించి చాలా కదులుతూ మాట్లాడారు. నువ్వు చెప్పినట్టు గోడను చూశాను. గోడ మీద గడియారం ఉంది. అది పనిచేయడం లేదు. ఎవరైనా బాగు చేయిస్తే బాగుండుననుకున్నాను. అక్కడ మొదలైంది.

గదికి తాళం వేశానా? ఎడమ కాలు ఉందా, పోయిందా? మూడో వరసలో ఎవరో నా బొమ్మ గీస్తున్నారు, ముక్కు పెద్దదిగా వేస్తారేమో. ఇప్పుడు తుమ్మొస్తే? ఉద్యోగం పోతే పెట్టెలు దించేదెవరు? ఇంటావిడ, పాపం అత్త మళ్లీ తీసుకెళ్లిపోతోంది అంటారు. ఏడో తరగతిలో ఒకమ్మాయి నన్ను అన్న మాటకు ఏం జవాబు చెప్పి ఉండాల్సింది? ఆ జవాబు అక్కడ, పీట మీద, ఇన్నేళ్లకు తట్టింది. చాలా మంచి జవాబు. ఆ వెంటనే ఇంకొకటి వచ్చింది, నేను ఎంత బాగా కూర్చున్నానో కదా అని.

అప్పుడు వాటిని గుర్తుపట్టాను. ఇది జ్ఞాపకం. ఇది ఊహ. ఇది లేనిదాన్ని ఉందనుకోవడం. నా పరిశోధనలో ఒక అధ్యాయమంతా వీటి మీదే రాశాను. లక్షణాలు, భేదాలు, ఎవరెవరు ఏమన్నారో అన్నీ రాశాను. కానీ అత్తయ్యా, ఆరేళ్లలో ఒక్కసారి కూడా అవి నావని అనుకోలేదు. ఎవరివో అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారు నావైపు చెయ్యి చాపి, "చూడండి, ఈ తల్లి ముఖంలో ఏ వికారమైనా ఉందా?" అన్నారు.

నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. చిన్న నవ్వు కాదు. మైకు దగ్గరే ఉంది. హాలు చివరిదాకా వినిపించింది.

లేచి నిలబడ్డాను. ఎడమ కాలు సహకరించలేదు, మైకు పట్టుకున్నాను. "క్షమించండి. నాకు ఆసనాలు రావు. ఆరేళ్లు చదివానంతే. పుస్తకం లేకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి. లోపల ఇంత గోలగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ..." లేదు అనబోయి ఆగాను. ఉంది. అన్ని పుస్తకాల్లోనూ ఉంది.

వెనక వరసలో ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఏమేం వచ్చాయి లోపల?" అంది. చెప్పాను. గడియారం, తాళం, ముక్కు, ఏడో తరగతి. అందరూ నవ్వారు. నాకూ అవే వస్తాయి మేడమ్, అన్నాడొకడు. వాటి పేర్లు చెప్పాను. కాగితం లేకుండా, గోడవైపు తిరగకుండా, గంట కొట్టేదాకా మాట్లాడానట. నాకు అంతగా గుర్తు లేదు. మనసు కదలికల్లో నిద్ర కూడా ఒక రకమే అని చెబుతున్నప్పుడు మాత్రం అందరూ ముందు వరసలో ముఖ్య అతిథి వైపు చూశారు.

చైర్మన్ గారు నన్ను ఆ రోజే పంపించేయమన్నారు. ప్రిన్సిపాల్ గారు నీ ఉత్తరం తీసి మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివారు. ఈసారి గీతలు లేని మాటలు కూడా చదివారు. "ఆవిడ అంతా నిజమే రాసింది. తప్పుగా చదివింది మనం" అన్నారు. చాలాసేపు వాదించుకున్నారు. తేలింది ఇది. ఈ ఏడాదికి ఉద్యోగం ఉంటుంది. ఏడాది చివర, ఈమె స్వయంగా సాధన చేస్తోంది అని ఒక సర్టిఫికెట్ తేవాలి. అదీ నీ సంతకంతోనే. అంత నిజం రాసే మనిషి ఇంకెవరూ దొరకరట.

నువ్వే గెలిచావని మాత్రం రాయకు. చదవకపోయి ఉంటే, నాకు భయమేస్తోందని మాత్రమే తెలిసేది. చదివాను కాబట్టి వచ్చినవాళ్లెవరో తెలిసింది. సగం ఒప్పుకుంటాను. వచ్చే నెల సెలవులకు నీ దగ్గరికి రానా?

నీ చెదపురుగు


జూలై 27

ఒసే,

రావడానికి అడుగుతావేంటే? చాప కొత్తది కొన్నా.

సర్టిఫికెట్ సంగతి ముందే చెబుతున్నా. చేస్తే చేసిందని రాస్తా, ఎగ్గొడితే ఎగ్గొట్టిందని రాస్తా. మేనకోడలని చూడను. పొద్దున్నే లేవాలి. కరెంటుతో పని లేదు.

ఇంకోటి. ఇది మటుకు క్లాసులో చదవలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, కూర్చోవడం ఏముందిలే అని నేనూ కూర్చున్నా. ఏ ఆసనం వేయలేదు, ఊపిరి లెక్కపెట్టలేదు, ఊరికే కూర్చున్నా. కాసేపటికే లేచి కిటికీ అద్దాలు తుడిచా. మళ్లీ కూర్చున్నా. లేచి చాపలన్నీ రంగుల ప్రకారం సర్దా. మళ్లీ కూర్చుంటే మీ అమ్మ వచ్చింది, మనిషి కాదే, మనసులోకి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నా వంటని ఏదో అందిలే. దాంతో ఎంతసేపు పోట్లాడానో! నా మాటలూ నేనే అన్నా, దాని మాటలూ నేనే అన్నా. చివరికి ఓడిపోయింది కూడా నేనే.

తలకిందులుగా నిలబడితే ఇవేవీ రావే. అందుకే ఇన్నేళ్లూ నాకు మనసు నిలిచిపోయిందనుకున్నా. నిలవలేదు. పడతానన్న భయానికి నోరు మూసుకుని ఉందంతే.

వచ్చినవాళ్లకి పేర్లున్నాయన్నావు కదా. నాకొచ్చిన వాటికి కూడా ఉన్నాయా? అవున్న పుస్తకం ఒకటి తీసుకురా. సన్నదే తే. పెద్ద అక్షరాలున్నది చూడు. పొద్దున నేను నీకు చెబుతా, సాయంత్రం నువ్వు నాకు చెప్పు. నాకు తొందరగా ఎక్కదు, విసుక్కోకు. కండక్టరు గారి ముందు అసలు విసుక్కోకు.

అత్తయ్య